అతుకు కనపడని మెట్టె

ఆరాధన ఇంతవరకూ ఎవరి దగ్గరా పైకి అనని మాట ఒకటుంది. తన చేతులతో చేసిన వెండి మెట్టె పెళ్ళికూతురి వేలికి ఎక్కిందో లేదో ఆమె చూడలేదు.

చూద్దామనే వెళ్ళింది. పందిట్లో ముందు వరసలోనే నిలబడింది. పెళ్ళికూతురు సన్నికల్లు మీద పాదం పెట్టింది, పెళ్ళికొడుకు వంగి మెట్టె తొడగబోయాడు, అది వేలి కణుపు దగ్గర ఆగింది. ఒకసారి నెట్టాడు. కాస్త తిప్పి మళ్ళీ నెట్టాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు, ఎవరో కొబ్బరినూనె తెమ్మన్నారు. ఆ నూనె వచ్చేలోపే ఆరాధన పందిరి దాటింది, చెప్పులు కాళ్ళకు తగిలించుకుంది, చీరాల బస్టాండులో కదలబోతున్న బస్సేదో చూసి ఎక్కేసింది. కండక్టరు ఎక్కడికమ్మా అంటే, ఇది ఎక్కడిదాకా పోతే అక్కడికి అంది.

ఆమెకిది కొత్త కాదు. జాకెట్లు కుట్టడం నేర్చుకున్నప్పుడు, మొదటి జాకెట్టు తొడుక్కుని చూసుకోవడానికి కుట్టించుకున్నావిడ గదిలోకి వెళ్ళగానే ఈమె ఇటు గుమ్మం దిగింది. సెల్‌ఫోన్లు బాగుచేయడం నేర్చుకున్నప్పుడూ అంతే. బాగుచేసిన ఫోను దాన్ని తెచ్చినాయన చేతిలో పెట్టింది, అది వెలిగిందో లేదో చూడకుండా టీ తాగొస్తానని వెళ్ళి మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు. పని చేస్తున్నంతసేపూ ఆకలి తెలియదు, నిద్ర తెలియదు. చేసినది ఇంకొకరి చేతిలో పెట్టాక వాళ్ళ మొహం చూడాలంటేనే కాళ్ళు నిలవవు. వాళ్ళేమన్నారో వినలేదు గనక వాళ్ళు ఏమైనా అని ఉండొచ్చు. ఆ ఖాళీ జాగాలోనే ఆరాధన కోతలన్నీ మొలిచేవి.

ఈ వేసవి అవి మొలిచింది పెదనందిపాడుకు ఇవతల ఒక ఊళ్ళో, కోల్డ్ స్టోరేజీ పక్కన రేకుల షెడ్డులో. కల్లాల్లో ఎండిన మిరపకాయ అక్కడికి వస్తుంది, ఆడవాళ్ళు గుట్ట చుట్టూ కూర్చుని ముచ్చికలు తీస్తారు. తొడిమ పట్టుకుని ఒక్క మెలిపెడితే కాయ ఇటు, ముచ్చిక అటు. ముక్కులకు కొంగులు చుట్టుకుంటారు, వేళ్ళకు వేరుశనగ నూనె రాసుకుంటారు. అయినా మధ్యాహ్నమయ్యేసరికి వేళ్ళు మండుతాయి, కళ్ళు కారతాయి, ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉంటారు. ఆ మంట మరిచిపోవాలంటే మాటలు కావాలి. ఆరాధన పనిలోకి వచ్చాక షెడ్డుకు మాటల కరువు తీరింది.

ఎదురుగా కూర్చునేది నస్రత్, ఆరాధన ఈడుదే, నవ్వొస్తే ఆపుకోవడం చేతకాని పిల్ల. దాని పక్కన మాణిక్యమ్మ, అరవై దాటిన మనిషి, చీరాల నేతవాళ్ళింట పుట్టి అక్కడే మెట్టింది. మగ్గం సాగక ముసలితనంలో కూతురి ఊరికి వచ్చి కాయ వలుచుకుంటోంది. ఎవరేం చెప్పినా చేతిలో పని ఆపకుండా వింటుంది, తను మాత్రం మాట్లాడదు. ఇక కాటా దగ్గర కుర్చీలో ఎలీషా, ఆడవాళ్ళను పనికి పిలుచుకొచ్చే మేస్త్రి. ఆరాధన వాళ్ళ సంఘంలో ఆదివారం పాటలెత్తేది ఆయనే. షెడ్డులో అందరికీ బాబాయి.

ఆవేళ కథకు దారితీసింది నస్రత్. వెండిపని నేర్చుకున్నానని నెలరోజులుగా ఊదరగొడుతున్నావు, నాకో ఉంగరం చేసి పెట్టరాదా అంది. ఆరాధన గుట్టలోంచి ఎర్రకాయ ఒకటి తీసి, రేకుల సందులోంచి పడే ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి, ఈపాటి ఎరుపు రాళ్ళకు నేనిప్పుడు చెయ్యి పెట్టడం లేదులే అంది. పైగా చీరాల నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయనీ, ఎత్తితే ఎక్కడ పని అంటగడతారోనని ఎత్తడం లేదనీ చెప్పింది.

ఫోన్లు వచ్చిన మాట నిజం. ఎత్తని మాటా నిజమే.

"చెప్పు మరి," అన్నాడు ఎలీషా, కాటా మీద చెయ్యి ఆన్చి. "చెప్పేదాకా నీకు ఊపిరాడదుగా."

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు బాబాయ్. ఉన్నదున్నట్టు చెప్తా, వినేవాళ్ళు వినండి," అని ఆరాధన కాళ్ళు మడుచుకుని సర్దుకుంది. "భావనారాయణ ఆచారిగారని, చీరాల మొత్తానికి వెండిపనిలో ఆయన తర్వాతే ఎవరైనా. నేను ఆయన కొట్టుకు వెళ్ళి, ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంటున్నానండీ, కాస్త మీ పక్కన కూర్చోనిస్తారా అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి ఇంత వెండి తీగ నా ముందు పడేశారు. ఉంగరం చెయ్యమన్నారు. నేను తీగ వంచాను, అతికాను, ఆకురాయితో రుద్దాను, కుంకుడు నురగలో కడిగి ఆయన అరచేతిలో పెట్టాను. అంతే. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. ఇంతకు ముందు ఎక్కడ చేశావమ్మా అన్నారు. ఇదే మొదటిదండీ అన్నాను. ఆయన లేచి నిలబడి తన పీట నాకు జరిపారు."

పీట జరిపారన్న దగ్గర ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మొదటి కోత కాబట్టి పోనిచ్చారు.

అసలు జరిగింది వేరు. వెండి ఆఖరి దాకా ఏమీ ఎరగనట్టు తెల్లగా కూర్చుని ఉంటుంది. ఎర్రబడుతోందని కంటికి తెలిసేసరికే కుంగిపోతుంది. ఆరాధన మొదటి ఉంగరం అలాగే బొగ్గు మీద బఠాణీ గింజంత ముద్ద అయి కూర్చుంది. ఆచారిగారు ఆ ముద్దను పక్కకు జరిపారు. లేచి వీధి తలుపు ఓరగా మూశారు. వెలుతుర్లో వెండి రంగు దొరకదమ్మాయ్, కాస్త చీకటి చేసుకుని చూడాలి అని ఇంకో ముక్క ఇచ్చారు. అదీ పోయింది. రాయి పొదగడం నేర్చుకున్న మొదటిసారి, రాయిని గూట్లో కూర్చోబెట్టాక ఎక్కడో అతుకు ఊడిందని మళ్ళీ మంట చూపించింది. రాయి టప్పుమని రెండు చెక్కలైంది. రాయి ఎప్పుడూ ఆఖర్న రావాలమ్మాయ్, మంట పని మొత్తం అయ్యాక అని మాత్రం అన్నారు. ఆ మొదటి వెండి ముద్దను ఆరాధన పర్సులో దాచుకుంది. దాని ఊసు కథలో ఎప్పుడూ రాదు.

"అయితే ఆ ఉంగరంలో నా గొప్పేం లేదు," అంది ఆరాధన తల దించుకుని. "గొప్పంతా అతుకులో ఉంది. మీరు ఏ ఉంగరమైనా చూడండి, ఎక్కడో ఒకచోట సన్నగా గీత ఉంటుంది, రెండు కొసలూ కలిపిన చోటు. నేను కొసలకు వెలిగారం రాసి, మినప్పొట్టంత అతుకు ముక్క గోటితో పెట్టి, గొట్టంతో మంట ఊదానా, అవి రెండూ చిన్నప్పుడు తప్పిపోయి ఇప్పుడు కలుసుకున్న అక్కచెల్లెళ్ళలాగా కలిసిపోయాయి. ఎక్కడ కలిశాయో నాకే తెలియలేదు. అప్పుడు ఒక చీమ దాని మీదకెక్కింది. మొదలు ఎక్కడుందో చూసుకుని దిగుదామని నడవడం మొదలుపెట్టింది పాపం. మొదలేదీ? సాయంత్రం కొట్టు కట్టేసేదాకా తిరుగుతూనే ఉంది. మర్నాడు పొద్దున కొట్టు తెరిచేసరికి ఏమైందో తెలుసా?"

"ఇంకా తిరుగుతోందా?" అంది నస్రత్.

"దాన్ని వెతుక్కుంటూ వాళ్ళ వాళ్ళంతా వచ్చారు. వాళ్ళూ ఎక్కారు. ఉంగరం మీద నల్లపూసల వరస పొదిగినట్టు చీమలు. ఆచారిగారు జాలిపడి ఇంత పంచదార వేసి దించారు."

నస్రత్ కొంగులోనే నవ్వి, నవ్వుతో ఘాటు పీల్చి దగ్గు పట్టుకుంది. మాణిక్యమ్మ దాని వీపు నిమిరింది, రెండో చేత్తో ముచ్చికలు తీస్తూనే ఉంది.

ఇక ఆరాధన అసలు సంగతిలోకి వచ్చింది. నేతవాళ్ళ వీధిలో మాధవీలత అని ఒక అమ్మాయి ఉంది. తండ్రితో సమంగా మగ్గం నేస్తుంది. ఆచారిగారి కొట్టు ముందు నుంచే నూలు కండెలు తెచ్చుకునేది. వస్తూ పోతూ ఆగి ఆరాధన పని చూసేది, చూసి చూసి నేస్తురాలైంది. పెళ్ళి కుదరగానే, నా మెట్టెలు నువ్వే చెయ్యాలి, పైన ఎర్రరాయి పెట్టాలి అని పట్టుబట్టింది. సరిగ్గా అప్పుడే ఆచారిగారు కంటి ఆపరేషనుకు వెళ్ళారు. కొట్టు తాళం ఆరాధనకు ఇచ్చి, ఏదైనా అనుమానం వస్తే ఫోన్ చెయ్యమన్నారు. ఇంతవరకూ చెప్పినదాంట్లో కోత ఏమీ లేదు, అందుకని ఆరాధన దాన్ని గబగబా చెప్పేసింది.

"అనుమానం వస్తేగా ఫోన్ చెయ్యడానికి," అంది. "మాధవీలత పడుగులోంచి ఒక నూలు పోగు తెంపి ఇచ్చింది. ఆ పోగు మాధవీలత కాలివేలి మొదట్లో బిగువుగా చుట్టి ముడేసి కొలత తీశాను. వెంట్రుకవాసి తేడా లేదు. ఇక పనికి కూర్చునే ముందు, కొట్లో అమ్మే మెట్టెలు ఎలా ఉన్నాయో చూద్దామని డబ్బా తెరిచాను. ఏం చెప్పమంటారు? ఒక్కదానికి అతుకు లేదు. రెండు కొసలూ కలపకుండా నోరు తెరిచి వదిలేశారు. నాకు కోపం వచ్చింది. ఇంత బద్ధకమా? పెళ్ళికూతురు జన్మంతా పెట్టుకునే వస్తువుకు అతుకు కూడా వేయరా? నేను అలా చేస్తానా? అతికేశాను. ఆ చీమ మళ్ళీ వచ్చింది, చూసింది, ఎక్కలేదు. దానికి బుద్ధొచ్చింది."

అందరూ నవ్వారు. మాణిక్యమ్మ నవ్వలేదు. ఆమె చేతిలో కాయ సగం మెలి తిరిగి ఆగింది. తర్వాత ముచ్చిక ఊడింది, కాయ గుట్టలో పడింది. ఎవరూ గమనించలేదు.

"ఇప్పుడు రాయి," అని ఆరాధన గొంతు తగ్గించింది. "ఒంగోలు నుంచి తెప్పించాను. చింతపండు నీళ్ళలో వెండి ఉడికించి తెల్లబరిచి, గూట్లో రాయి కూర్చోబెట్టి, చుట్టూ అంచు ఒత్తి, గుమ్మంలోకి వచ్చి ఎండకు పట్టాను. పట్టానో లేదో రామచిలక ఒకటి వచ్చి వాలింది. పండుమిరపకాయ అనుకుని ఒక్క పొడుపు పొడిచింది. రాయికేం కాలేదు. చిలక ముక్కు వంకరపోయింది."

"చిలక ముక్కు పుట్టుకతోనే వంకరేగదే," అన్నాడు ఎలీషా.

"అంతకుముందు తిన్నగా ఉండేది బాబాయ్. దీన్ని చూసి మిగతావి నేర్చుకున్నాయి."

ఆ మాటకు నస్రత్ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆరాధన ఆగలేదు. ఆ రాయి ఫోటో తీసి ఫోన్లో స్టేటస్ పెట్టానంది. అది ఆ నోటా ఈ నోటా గుంటూరు మిర్చి యార్డుకు చేరింది. అక్కడి వ్యాపారులు ఇదేదో కొత్తరకం తేజ మిరపకాయ అనుకుని, శాంపిలు పంపమన్నారు, ఘాటు ఎంతని అడిగారు, ఎన్ని ఎకరాల్లో వేశారో కనుక్కోమని మనుషుల్ని పంపారు. ఒకాయనకు ఓపిక పట్టక ఫోను తెర మీదే నాలుక ఆనించి చూశాడు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుక బొబ్బలెక్కింది. మజ్జిగ తాగించి, పడుకోబెట్టి విసిరారంట. అప్పటికీ ఆయన చేత్తో సైగ చేస్తున్నాడంట, కొనెయ్యండి, కొనెయ్యండి అని."

షెడ్డు అవతలి మూల నుంచి కూడా ఆడవాళ్ళు బుట్టలు లాక్కుని ఇటు జరిగారు. ఎలీషా పని సాగడం లేదని అనబోయి మానుకున్నాడు. పని సాగుతూనే ఉంది మరి, నవ్వే మనిషి చేతులు ఇంకా త్వరగా ఆడతాయి.

"పెళ్ళిరోజు మెట్టెల డబ్బా చేత్తో పట్టుకుని బయల్దేరాను. పెళ్ళివారిల్లు రైలు గేటుకు అవతల. గేటు వేసి ఉంది, బండి వస్తోంది. డబ్బా మూత కొంచెం తెరిచి చూసుకున్నాను, ఉన్నాయో లేవో అని. అంతే, ప్యాసింజరు బండి కీచుమని నా ఎదురుగా ఆగిపోయింది. ఎర్రదీపం అనుకున్నారు. డ్రైవరు దిగి వచ్చి, అమ్మాయ్, నీకు పుణ్యం ఉంటుంది, ఆ సిగ్నలు కాస్త చున్నీతో కప్పు, మేం పోవాలి అన్నాడు. కప్పాను. చున్నీలోంచి కూడా వస్తోంది వెలుగు. పచ్చ చున్నీ దొరికేదాకా బండి కదల్లేదు. ఆ పూట అటు ఒంగోలు, ఇటు తెనాలి, బళ్ళన్నీ ఆలస్యం."

"అదొక్కటి నమ్ముతా," అన్నాడు ఎలీషా. "బళ్ళు ఆలస్యమైన మాట."

ఇక మిగిలింది పందిరి. అక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ ఆరాధనకు సన్నికల్లు, దాని మీద పసుపు రాసిన పాదం, కణుపు దగ్గర ఆగిన వెండి చుట్టు, ఆడవాళ్ళ నవ్వు కళ్ళ ముందుకు వస్తాయి. అవి పూర్తిగా కనపడేలోపే దాటెయ్యాలి. అందుకని ఆ చోట ఆమె కథ పరుగెత్తుతుంది.

"పెళ్ళికొడుకు మెట్టె పట్టుకుని వంగాడా? అతని చెయ్యి ఇంకా జానెడు దూరంలో ఉండగానే మెట్టె అతని వేళ్ళలోంచి ఎగిరి వెళ్ళి దాని చోట అది కూర్చుంది. అయస్కాంతానికి మేకు అతుక్కున్నట్టు. పురోహితుడు మంత్రం మరిచిపోయాడు, సన్నాయి ఊదేవాడు ఊపిరి మరిచిపోయాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మాధవీలత సన్నికల్లు దిగి అడుగు వేసింది. ఒక్క అడుగే. వీధిలో మగ్గాలన్నీ వాటంతటవే ఆడటం మొదలుపెట్టాయి. మనిషన్నవాడు లేడు, ఊరంతా విస్తళ్ళ ముందుంది. తిని, తాంబూలం వేసుకుని ఇళ్ళకు వెళ్ళి చూసుకుంటే, ప్రతి మగ్గం మీదా చీర పూర్తయి ఉంది. కొంగు నిండా ఆ రాయి ఎరుపు."

"మడత కూడా అదే పెట్టుకుందా?" అని నస్రత్ కళ్ళు తుడుచుకుంది. మిరపకాయ చేతులతో తుడుచుకుందేమో, లబోదిబోమని నీళ్ళ డ్రమ్ము దగ్గరికి పరిగెత్తింది. నవ్వులు మళ్ళీ లేచాయి. ఆరాధన గోడకు చేరబడి, పంట కోసుకున్న రైతులా అందరినీ చూసుకుంది.

నవ్వు సద్దుమణిగాక మాణిక్యమ్మ కొంగు ముక్కు మీద నుంచి కిందికి లాక్కుంది.

"మగ్గాలు ఆడితే ఆడాయిలే," అంది. "నీ మెట్టె సంగతి చెప్పు. నిజంగానే అతుకు వేశావా?"

"నిజంగానే వేశాను మామ్మా. ఒట్టు." ఆరాధనకు ఆ మాట చెప్పడంలో ఎంతో సంతోషం కలిగింది. కథ మొత్తంలో గొప్పగా చెప్పుకోదగ్గ నిజం అదొక్కటే.

"కొలత వేలి మొదట్లో తీశావా?"

"మొదట్లోనే. పోగు బిగించి."

మాణిక్యమ్మ మడిచిన కాలు ముందుకు చాపి, చీర అంచు కాస్త పైకి తీసింది. ఎండకు పగిలిన పాదం, రెండో వేలికి అరిగిపోయి పలచబడ్డ మెట్టె. బొటనవేలి గోటితో దాని కొసలు రెండూ ఎడం చేసింది, కణుపు మీదుగా జార్చి బయటికి తీసి ఆరాధన అరచేతిలో పెట్టింది.

"చూడు. కణుపు లావు, మొదలు సన్నం. నోరు తెరిస్తే కణుపు దాటుతుంది. దాటాక నొక్కితే పట్టుకుని ఉంటుంది. ఆ ఎడం ఎవరి బద్ధకమూ కాదే పిచ్చిదానా. వేలి మొదట్లో తీసిన కొలతకు చేసి అతికేస్తే అది కణుపెలా దాటుతుంది?"

ఆరాధన ఆ మెట్టెను తిప్పి చూసింది. ఆచారిగారి డబ్బాలో ఇలాంటివి ఎన్నో చూసింది, పట్టుకుంది, తప్పుపట్టింది. వేలి నుంచి తీసేటప్పుడు మాత్రం ఇదే మొదటిసారి చూడటం. వాళ్ళింట్లో అమ్మ దేవకుమారి కాళ్ళు బోడివి, చెవులు బోడివి. అమ్మమ్మవీ అంతే. వాళ్ళ సంఘంలో ఆడవాళ్ళు నగ ముట్టరు. అందులో బాధపడేవాళ్ళు ఎవరూ లేరు, అది అలా ఉంటుంది, అంతే. ఆరాధన కూడా ఎన్నడూ ఏదీ పెట్టుకోలేదు. ఆమె చూసిన వీడియోల్లో ఉన్నవి చేతి ఉంగరాలు, వాటికి అతుకే ప్రాణం. మెట్టెకు నోరు ఎందుకుంటుందో చెప్పాలని ఆచారిగారికి తట్టి ఉండదు. ఆడపిల్లకు అది తెలియకపోవడమనేది ఆయన ఊహకే అంది ఉండదు.

ఎలీషా గొంతు సవరించుకున్నాడు. "మా ఇళ్ళల్లో పెట్టుకోరు గదా మాణిక్యమ్మగారూ. దానికెలా తెలుస్తుంది."

"నేనేం తిడుతున్నానా?" అంది మాణిక్యమ్మ. "అడుగుతున్నా. పెళ్ళి సందట్లో నూనె పూసి ఎలాగో ఎక్కించేస్తారు. ఎక్కిందనే అనుకుందాం. ఆ పిల్ల మగ్గం నేస్తుందన్నావు. గుంటలోకి కాళ్ళు దించి పలకలు తొక్కాలి. పైకి లేచిన రాయితో తొక్కితే తాడుకు తగులుకుంటుంది, తాడు తెగుతుంది, లేదా వేలు తెగుతుంది. మా అత్త అయితే మగ్గం గుంటలోకి దిగేముందు రాళ్ళ మెట్టెలు తీసి గూట్లో పెట్టించి వట్టివి తొడిగించేది. ఈ పిల్ల దాన్ని ఎలా తీసిందే? ఆ తర్వాత ఏమైంది?"

నస్రత్ డ్రమ్ము దగ్గర నుంచి మొహం తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. అది కూడా నవ్వలేదు.

ఆరాధనకు నాలుక చివర కథ సిద్ధంగానే ఉంది. మెట్టె తనంతట తనే ఎగిరి గూట్లో కూర్చునేదని అనొచ్చు. మగ్గం తాడే ఒదిగి దారిచ్చేదని అనొచ్చు. అనబోయింది. అరచేతిలో ముసలావిడ మెట్టె ఉంది, ఇంకా వేలి వెచ్చదనం పోలేదు దానికి.

"తెలియదు మామ్మా," అంది.

ముచ్చికలు ఊడే చప్పుడు మళ్ళీ మొదలైంది. మాణిక్యమ్మ తన మెట్టె తీసుకుని వేలికి ఎక్కించుకుని, రెండు వేళ్ళతో నొక్కింది. పని మొదలుపెట్టి, గుట్ట వైపే చూస్తూ, మామూలు మాట చెప్పినట్టు చెప్పింది. వేలికి వాపు రాకపోతే మెట్టెను కోయక్కర్లేదు. నూలు పోగు కొస మెట్టె కింద నుంచి పాదం వైపుకు దూర్చి, గోటి వైపున్న పోగును కణుపు మీదుగా గోటిదాకా ఒత్తుగా చుట్టాలి. అప్పుడు పాదం వైపున్న కొసను మెల్లగా విప్పుకుంటూ వస్తే మెట్టె పోగు మీదుగా జారి దిగుతుంది. వాచిందంటే మాత్రం ఆచారే కత్తిరించాలి, ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. కత్తిరించినా రాయికేం కాదు, వెండి మళ్ళీ వంగుతుంది.

ఆరాధన లేచి బయటికి వెళ్ళింది. డ్రమ్ములో నీళ్ళు ముంచుకుని సబ్బుతో చేతులు రుద్దుకుంది. కారం పోయినట్టే ఉంటుంది, పోదు. పర్సు తెరిచి ఫోను తీస్తుంటే వేళ్ళకు ఆ వెండి ముద్ద తగిలింది. మాధవీలత పెళ్ళయిన రెండోరోజు ఫోన్ చేసింది. ఆ వారమంతా చేసింది. తర్వాత ఆచారిగారి నంబరు ఒకసారి వచ్చింది. ఆ తర్వాత ఎవరూ చేయలేదు. ఇన్నాళ్ళూ ఆరాధన, తిట్టడానికి చేశారనే అనుకుంది. ఒక పిల్ల, వేలికి ఇరుక్కున్నదాన్ని ఎలా తీయాలో దాన్ని చేసిన మనిషినే అడుగుదామని చేసి ఉంటుందని ఒక్కసారి కూడా తోచలేదు. చేయడం ఎందుకు మానేసిందో ఇప్పుడు ఆలోచించింది. వాచిందేమో. మగ్గం దిగడం మానేసిందేమో. లేక అదేమీ కాదేమో, నూనె రాసుకుని మొదటిరోజే తీసేసి నవ్వుకుంటోందేమో. ఏదైనా కావచ్చు. ఎప్పుడూ తీపిగా ఉండే ఆ మాట ఇప్పుడు చేదైంది.

రోడ్డు మీద గుంటూరు బస్సు వచ్చి కోల్డ్ స్టోరేజీ గేటు ముందు ఆగింది. కండక్టరు తల బయటపెట్టి, వస్తావా అన్నట్టు ఆరాధన వైపు చూశాడు. ఆమె కాళ్ళు ఆ చూపును గుర్తుపట్టాయి. చెప్పులు అక్కడే ఉన్నాయి, పర్సు చేతిలోనే ఉంది. కాసేపు చూసి అతను రైట్ అన్నాడు. దుమ్ము లేచింది, తగ్గింది.

షెడ్డులోంచి నస్రత్ గొంతు వినిపిస్తోంది, చీమల సంగతి మళ్ళీ ఎవరికో చెబుతోంది. ఆరాధన తడి వేళ్ళు చున్నీకి తుడుచుకుని, నీడలోకి జరిగి గోడ పక్కన కూర్చుంది. ముందు వేలు ఎలా ఉందో అడగాలి. వాపు లేదంటే నూలు పోగు సంగతి చెప్పాలి, ఉందంటే సాయంత్రం బస్సుకు చీరాల వస్తున్నానని చెప్పాలి. తిడితే తిట్టనివ్వాలి. ఆ తర్వాత ఏమైందో తెలుసా అని ఇన్నాళ్ళూ తను అందరినీ అడిగింది, తెలిసినట్టు. ఈసారి తెలియనిదానిలాగే అడగాలి, అడిగి అవతలి మాట ఆఖరిదాకా వినాలి. కారం మండుతున్న వేలితో తెరను పైకి జరుపుతూ పోయి, మాధవీలత పేరు దగ్గర ఆగి, ఇక చేసేద్దామనుకుంది.